కింది ట్రేలు ఎందుకు ఉడకడం లేదు? గ్యాస్ ప్రెషర్ స్టీమర్ లోపల ఏం జరుగుతుందో తెలిసినవాళ్లు చెప్పండి

అమీర్‌పేట మెస్ | సోమవారం రాత్రి 10:42

అందరికీ నమస్కారం. అమీర్‌పేటలో మాకు చిన్న మెస్ ఉంది. కోచింగ్‌కి వచ్చే పిల్లలు, పక్క గల్లీల్లోని హాస్టళ్ల వాళ్లు కలిసి మధ్యాహ్నం 200 మందికి పైనే తింటారు. ఇన్నాళ్లూ పెద్ద గుండిగల్లో అన్నం వండి వార్చేవాళ్లం. మా వంటాయనకి నడుము నొప్పి ఎక్కువైంది, గుండిగ దింపలేకపోతున్నాడు. అందుకని మూసేసిన ఒక క్యాంటీన్ నుంచి నెల కిందట గ్యాస్ ప్రెషర్ స్టీమర్ సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకున్నాం.

చూడటానికి స్టీలు బీరువాలా ఉంటుంది. కింద బర్నర్, దాని మీద బాయిలర్, ఆ పైన మందపాటి తలుపు ఉన్న గది. గదిలో 6 ట్రేలు ఒకదాని కింద ఒకటి పడతాయి. తలుపుకి చేత్తో తిప్పి బిగించే చక్రం. బాయిలర్‌కి ఒక గేజ్, గదికి ఒక గేజ్. అమ్మినాయన పుస్తకం ఏమీ ఇవ్వలేదు.

సమస్య ఏమిటంటే, గది గేజ్‌లో ముల్లు 5 పౌండ్ల (చదరపు అంగుళానికి) దగ్గర బాగానే నిలబడుతుంది. పై 4 ట్రేల్లో అన్నం 25 నిమిషాలకి పువ్వులా వస్తుంది. కింది 2 ట్రేల్లో మాత్రం పలుకు. ఇంకో 10 నిమిషాలు పెడితే పైది ముద్దయిపోతుంది, కింద ఇంకా పలుకే. తలుపు రబ్బరు మార్చాం, తేడా లేదు. నిన్న వచ్చిన మెకానిక్ ప్రెషర్ 10కి పెంచుదాం అన్నాడు. నాకు భయమేసి వద్దన్నాను. మిషన్ అసలు ఎలా పనిచేస్తుందో తెలియకుండా స్క్రూలు తిప్పడం నాకిష్టం లేదు. దయచేసి మొదటి నుంచి చెప్పండి.

ఇంకో చిన్న విషయం. వంటయ్యాక తలుపు తీయగానే గది అడుగు నుంచి రెండు మూడు చెంబుల నీళ్లు కారి నేల తడుస్తుంది. ఇది మామూలేనా?

హాస్టల్ వంటక్క | సోమవారం రాత్రి 11:05

తమ్ముడూ, మీది బోరు నీళ్లా, నల్లా నీళ్లా? మా కూకట్‌పల్లి హాస్టల్‌లో బోరు నీళ్లతో కందిపప్పు ఎంతసేపు పెట్టినా బద్ద బద్దగానే ఉండేది. మంజీరా నీళ్లు పోస్తే అదే పప్పు మెత్తగా ఉడికేది. బోరు నీళ్లలోని సున్నం పప్పుని గట్టిపరుస్తుంది. ముందు అది చూసుకోండి.

అమీర్‌పేట మెస్ | సోమవారం రాత్రి 11:20

అక్కా, వండేది నల్లా నీళ్లతోనే. బాయిలర్‌కి మాత్రం బోరు కనెక్షన్ ఉంది. అయినా 6 ట్రేల్లోనూ ఒకే బియ్యం, ఒకే కొలత నీళ్లు. నీళ్ల తప్పయితే పైవి కూడా ఉడకకూడదు కదా. ట్రేలు అటూ ఇటూ మార్చి కూడా చూశాం. ఏ ట్రే అయినా సరే, కింద పెడితే పలుకే.

నాచారం సర్వీస్ | మంగళవారం ఉదయం 6:15

అన్నా, ట్రేలు మార్చి చూడటం మంచి పని. లోపం కింది భాగంలో ఉందని తేలిపోయింది. ఈ మిషన్లు పదేళ్లకు పైగా రిపేరు చేస్తున్నాను. మీరు మొదటి నుంచి చెప్పమన్నారు కాబట్టి నీళ్లు ఎక్కడ మొదలై ఎక్కడికి పోతాయో ఆ వరసలోనే చెబుతాను.

బాయిలర్‌లోకి నీళ్లు సోలెనాయిడ్ వాల్వ్ గుండా, అంటే కరెంటుతో తెరుచుకుని మూసుకునే వాల్వ్ గుండా వస్తాయి. లోపల కడ్డీల్లా ప్రోబ్‌లు ఉంటాయి, కొన్ని మోడళ్లలో వాటి బదులు ఫ్లోట్. నీళ్లు ప్రోబ్‌ని తాకితే వాటి గుండా చిన్న కరెంటు పారి వాల్వ్ మూసుకుంటుంది. మట్టం దిగితే మళ్లీ తెరుచుకుంటుంది. ఇంకా దిగితే, అంటే నీళ్లు రాకుండా ఆగిపోతే, బర్నర్ ఆగిపోవాలి. దాన్నే లో వాటర్ కటాఫ్ అంటాం. మిషన్ మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యం అదే. ఖాళీ బాయిలర్ కింద మంట మండితే రేకు ఎర్రగా కాలిపోతుంది. ఆ సమయంలో చన్నీళ్లు పడితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

గ్యాస్ వైపు చూస్తే, చిన్న పైలట్ మంట ఎప్పుడూ వెలుగుతుంటుంది. దాని పక్కనే థర్మోకపుల్ అనే రాగి తీగలాంటిది ఉంటుంది. పైలట్ వేడికి అందులో కొన్ని మిల్లీవోల్టుల కరెంటు పుడుతుంది. ఆ కాస్త కరెంటే ఒక అయస్కాంతాన్ని పట్టి ఉంచి గ్యాస్ వాల్వ్ తెరిచి ఉండేలా చేస్తుంది. గాలికి పైలట్ ఆరితే కరెంటు పోతుంది, స్ప్రింగ్ వాల్వ్‌ని మూసేస్తుంది. పైలట్ నిలవడం లేదని థర్మోకపుల్‌ని కట్టేసి నడిపే వంటిళ్లు నేను చూశాను. దండం పెట్టి చెబుతున్నా, ఎవరూ అలా చేయకండి. ఎల్పీజీ గాలికంటే బరువు. లీకైతే పైకి పోదు, నేల మీద నీళ్లలా పరుచుకుంటుంది.

బాయిలర్‌లో ప్రెషర్ పెరిగాక ప్రెషర్ స్విచ్ పెద్ద మంటని ఆపుతుంది, తగ్గితే మళ్లీ వెలిగిస్తుంది. ఆ స్విచ్ పాడైతే కాపాడటానికి సేఫ్టీ వాల్వ్. బాయిలర్‌లో పుట్టిన ఆవిరి రెగ్యులేటింగ్ వాల్వ్ గుండా 5 పౌండ్లకి తగ్గి మీ గదిలోకి వస్తుంది. ట్రేల చుట్టూ తిరిగి, అన్నానికి వేడి ఇచ్చి, నీరై అడుక్కి చేరుతుంది. అడుగున జల్లెడ, దాని తర్వాత స్టీమ్ ట్రాప్, తర్వాత డ్రెయిన్. టైమర్ అయిపోయాక ఎగ్జాస్ట్ తెరుచుకుని మిగిలిన ఆవిరి చన్నీళ్ల జల్లు మీదుగా డ్రెయిన్‌లోకి పోతుంది.

ఇప్పుడు మీ చెంబుల నీళ్ల సంగతి. అది మామూలు కాదన్నా. ట్రాప్ సరిగా ఉంటే ఆ నీళ్లు వంట జరుగుతుండగానే బయటికి పోవాలి. డ్యూటీకి వెళ్తున్నా, మిగతాది సాయంత్రం రాస్తాను. అప్పటిదాకా ప్రెషర్ జోలికి పోకండి.

మెకానికల్ ఫైనలియర్ | మంగళవారం మధ్యాహ్నం 1:30

సార్, నాకొక డౌట్. 5 పౌండ్ల ఆవిరి అంటే సుమారు 108 డిగ్రీలే కదా. బేకరీ ఓవెన్ 200 డిగ్రీలు ఉంటుంది. అందులో చెయ్యి ఒక్క క్షణం పెట్టి తీయగలం, ఆవిరిలో పెడితే వెంటనే బొబ్బలొస్తాయి. తక్కువ వేడి ఉన్న ఆవిరి ఎక్కువ ఎందుకు కాలుస్తుంది? లేటెంట్ హీట్ అని పుస్తకంలో చదివాను కానీ మనసుకి పట్టలేదు.

పాత బాయిలర్ | మంగళవారం మధ్యాహ్నం 3:10

బాబూ, మంచి ప్రశ్న. నేను ఆజామాబాద్‌లో ఒక ఫ్యాక్టరీలో బాయిలర్ అటెండెంట్‌గా రిటైరయ్యాను. మాకు మొదటి రోజు నేర్పిన అంకె 540. ఒక కేజీ నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి ఒక కిలో క్యాలరీ చాలు. అదే ఒక కేజీ మరిగే నీటిని, వేడి ఒక్క డిగ్రీ కూడా పెరగకుండా, పూర్తిగా ఆవిరి చేయాలంటే 540 కిలో క్యాలరీలు కావాలి. అంత వేడి ఆవిరిలో దాక్కుని ఉంటుంది. ఆవిరి ఎక్కడ చల్లని వస్తువుని తాకి నీరైతే అక్కడ ఆ 540నీ ఒక్కసారి దింపేస్తుంది. మీ చేతి మీద దింపితే బొబ్బ, బియ్యం మీద దింపితే అన్నం.

వేడి గాలి దగ్గర అలా దింపడానికి ఏమీ లేదు. తగిలి, కాస్త చల్లబడి, పక్కకి పోతుంది.

ఇంకొక సంగతి. ఆవిరి చల్లగా ఉన్న చోటుకే పరుగెడుతుంది. ఒక చోట ఆవిరి నీరైతే అక్కడ ఖాళీ ఏర్పడుతుంది, వెనక ఉన్న ఆవిరి ఆ ఖాళీలోకి వచ్చి పడుతుంది. ఉడకని ట్రే దగ్గరికే అది ఎక్కువ వెళ్లాలి. మరి మెస్ బాబు మిషన్లో కింది ట్రేలు పచ్చిగా ఉన్నాయంటే ఆవిరిని అక్కడికి వెళ్లనివ్వకుండా ఏదో అడ్డు ఉంది.

ల్యాబ్ టెక్నీషియన్ | మంగళవారం సాయంత్రం 5:55

ఆ అడ్డు గాలి.

నేను జీడిమెట్ల వైపు ఒక ల్యాబ్‌లో పనిచేస్తాను. మా దగ్గర ఆటోక్లేవ్ ఉంటుంది. ఇదే మిషన్, వంటకి బదులు సీసాలు, పరికరాలు పెట్టి 15 పౌండ్ల దగ్గర, అంటే 121 డిగ్రీల దగ్గర క్రిములు లేకుండా చేస్తాం. ట్రైనింగ్‌లో మాకు పదే పదే చెప్పింది ఒకటే: గాలి పూర్తిగా పోయేదాకా వాల్వ్ మూయొద్దు, టైమ్ లెక్కపెట్టడం మొదలుపెట్టొద్దు.

తలుపు మూసినప్పుడు గది నిండా మామూలు గాలి ఉంటుంది. ఆవిరి గాలికంటే తేలిక, పైనే నిండుతుంది. గాలి అడుక్కి దిగుతుంది. కింద బయటికి పోయే దారి లేకపోతే అక్కడే చిక్కుకుంటుంది. గేజ్‌కి గాలో ఆవిరో తెలియదు, ఎంత గట్టిగా నెడుతుందో అంతే చూపిస్తుంది. మూసిన గదిలో వట్టి గాలిని వేడి చేసినా ముల్లు లేస్తుంది. మీ కింది 2 ట్రేలు గాలి మడుగులో మునిగి ఉన్నాయని నా అనుమానం.

మెకానికల్ ఫైనలియర్ | మంగళవారం సాయంత్రం 6:40

మేడం, మీరు చెప్పింది చదివి లెక్క వేశాను, ఆశ్చర్యమేసింది. హైదరాబాద్ సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ మామూలు గిన్నెలో నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. గది గేజ్ 5 పౌండ్లు చూపిస్తే, బయటి గాలి ఒత్తిడి సుమారు 13.8 కలుపుకుని లోపల మొత్తం 18.8 పౌండ్లు. అంతా ఆవిరే అయితే వేడి 107 డిగ్రీలు. అందులో నాలుగో వంతు గాలి అనుకుంటే ఆవిరి వాటా 14 పౌండ్లే. దానికి తగ్గ వేడి 99 డిగ్రీలు. గేజ్ మాత్రం అదే 5 చూపిస్తుంది! అంటే ప్రెషర్ కుక్కర్ కొని మూత లేని గిన్నెలో వండినట్టే.

పైగా ట్రే మీద ఆవిరి నీరయ్యే కొద్దీ దానితో వచ్చిన గాలి అక్కడే పొరలా మిగులుతుంది. వెనక వచ్చే ఆవిరి ఆ పొరని దాటుకుని పోవాలి. లేటెంట్ హీట్ ఇప్పుడు నిజంగా అర్థమైంది. పాత బాయిలర్ సార్‌కి థాంక్స్.

నాచారం సర్వీస్ | మంగళవారం రాత్రి 9:20

మేడం సరిగ్గా చెప్పారు. నేను పొద్దున ఆపిన చోటు కూడా అదే. స్టీమ్ ట్రాప్ పేరు వింటే ఆవిరిని పట్టేదనిపిస్తుంది కానీ దాని పని గాలినీ నీటినీ బయటికి పంపి ఆవిరిని మాత్రం ఆపడం. ఈ స్టీమర్లలో ఎక్కువగా వేడితో కదిలే రకం ఉంటుంది. లోపల పలచని లోహపు డబ్బీ, అందులో ఆవిరి వేడి దగ్గర మరిగే ద్రవం. చల్లగా ఉంటే డబ్బీ ముడుచుకుని దారి తెరిచి ఉంచుతుంది. వంట మొదట్లో గాలి, చల్లని నీళ్లు ఆ దారినే పోతాయి. అసలైన ఆవిరి వచ్చి తగలగానే డబ్బీ ఉబ్బి దారి మూసుకుంటుంది. మధ్యలో నీళ్లు చేరినా, గాలి కలిసిన ఆవిరి వచ్చినా, అవి కాస్త చల్లన కాబట్టి మళ్లీ తెరుచుకుంటుంది. కరెంటు లేదు, చెయ్యి పెట్టే పని లేదు.

ఆ దారి పూడితే నీళ్లూ నిలుస్తాయి, గాలీ నిలుస్తుంది. మీకు రెండు గుర్తులూ ఉన్నాయి.

రేపు ఒక పరీక్ష చేయండి. ట్రాప్ పక్కన చేత్తో తిప్పే చిన్న కాక్ ఉంటుంది, దాని పైపు నేరుగా డ్రెయిన్‌లోకి పోతుంది. ఆవిరి వదిలే ముందే దాన్ని తెరిచి ఉంచండి. మొదట గాలి ఉఫ్ ఉఫ్ మని వస్తుంది, తర్వాత నీళ్లు కలిసిన ఆవిరి చిందులేస్తూ వస్తుంది, చివరికి ఆగకుండా తెల్లగా గట్టి ధార వస్తుంది. అప్పుడు మూసి టైమర్ పెట్టండి. పైపు చివర డ్రెయిన్‌లోనే ఉండాలి, మనిషి కాళ్ల వైపు కాదు. మందపాటి గ్లవ్స్ వేసుకోండి, ముఖం దూరంగా పెట్టండి. కింది ట్రేలు ఉడికితే లోపం ట్రాప్‌దో జల్లెడదో అని ఖాయం.

ప్రెషర్ 10కి ఎందుకు పెంచొద్దో కూడా చెబుతాను. మీ తలుపు కొలత ఎంత?

అమీర్‌పేట మెస్ | మంగళవారం రాత్రి 9:45

టేపు పెట్టి చూశాను సార్. లోపలి వైపు 60 సెంటీమీటర్ల వెడల్పు, 45 ఎత్తు.

నాచారం సర్వీస్ | మంగళవారం రాత్రి 9:58

అంటే 2,700 చదరపు సెంటీమీటర్లు. 5 పౌండ్లంటే చదరపు సెంటీమీటరుకి 0.35 కేజీ. గుణిస్తే 945 కేజీలు. రోజూ వంట జరిగినంతసేపూ మీ తలుపు మీద దాదాపు టన్ను బరువు లోపలి నుంచి నెడుతోంది. 10కి పెంచితే దాదాపు రెండు టన్నులు. ఆ గది, ఆ గొళ్లెం, ఆ చక్రం 5కి చేసినవి. ఒక్క పౌండ్ మిగిలినా ఆ తలుపు మీద 190 కేజీలు ఉన్నట్టు. అందుకే గది ముల్లు పూర్తిగా సున్నాకి రాకుండా చక్రం మీద చెయ్యి వేయకూడదు. సున్నాకి వచ్చాక కూడా తలుపు వెనక్కి నిలబడి, దాన్నే అడ్డంగా పెట్టుకుని కొంచెం కొంచెంగా తీయాలి. మీ వంటాయనకి ఇది మీరే దగ్గరుండి చూపించండి.

హాస్టల్ వంటక్క | మంగళవారం రాత్రి 10:30

945 కేజీలు చదివి గుండె ఝల్లుమంది. మా దగ్గర కుర్రాడు ఒకడు తొందరలో ఆవిరి పూర్తిగా పోకముందే చక్రం లాగుతుంటాడు. రేపు పొద్దున్నే వాడితో మాట్లాడతాను.

ఇడ్లీ గురించి కూడా ఒక మాట. ఇందులో ఇడ్లీ పెట్టేవాళ్లు ఎగ్జాస్ట్ తెరిచే ఉంచండి. ఇంట్లో కూడా ఇడ్లీకి కుక్కర్ విజిల్ పెట్టం కదా, అదే కారణం. ఒత్తిడిలో పిండి పొంగదు, ఇడ్లీ గట్టిపడుతుంది. పప్పు వండినప్పుడు ఆవిరిని నెమ్మదిగా వదలండి. ఒక్కసారి వదిలితే 107 డిగ్రీల పప్పు ఒత్తిడి తగ్గగానే కుతకుతమని పొంగి గదంతా పూస్తుంది. ఆ పూసిందే మళ్లీ జల్లెడకి అడ్డం పడుతుంది.

ఉప్పల్ క్యాటరింగ్ | బుధవారం ఉదయం 7:50

చర్చ బాగుంది. నాకు గ్యాస్ లెక్క కావాలి. మేం 19 కేజీల కమర్షియల్ సిలిండర్ ఒకటే పెడతాం. గంట నడిచాక సిలిండర్‌కి తెల్లగా మంచు పట్టి మంట తగ్గిపోతుంది. సిలిండర్లో గ్యాస్ ఇంకా ఉంటుంది. చలికాలంలో మరీ ఎక్కువ. ఏం చేయాలి?

పాత బాయిలర్ | బుధవారం ఉదయం 9:15

సిలిండర్‌లో ఉండేది ద్రవం. అది గ్యాస్‌గా మారాలంటే దానికీ వేడి కావాలి, నీటికి కావలసినట్టే. ఆ వేడిని సిలిండర్ గోడ నుంచే లాక్కుంటుంది. మీరు గబగబా లాగేసరికి గోడ చల్లబడి మంచు పడుతుంది, లోపల ఒత్తిడి పడిపోతుంది. రెండు మూడు సిలిండర్లని మ్యానిఫోల్డ్‌తో, అంటే అన్నిటినీ ఒకటిగా కలిపే పైపుతో కలిపి ఒకేసారి వాడితే ఒక్కో దాని మీద భారం తగ్గుతుంది. మంచు కరగడానికి సిలిండర్ కింద మంట పెట్టే పని ఎవరూ చేయకండి.

ఖర్చుకి ఉరామరిగా లెక్క చెబుతాను. గంటకి 20 కేజీల ఆవిరి కావాలంటే, 30 డిగ్రీల నీటితో మొదలుపెడితే కేజీకి 610 కిలో క్యాలరీలు. మొత్తం 12,200. ఎల్పీజీ కేజీ సుమారు 11,000 ఇస్తుంది. మంటలో మూడో వంతు పైనే పొగగొట్టం గుండా పోతుంది. కాబట్టి గంటకి 1.7 కేజీలు అనుకోండి. 19 కేజీల సిలిండర్ 11 గంటలు. బాయిలర్‌కి సున్నం పట్టి ఉంటే ఈ లెక్క తప్పుతుంది, ఇంకా ఎక్కువ కాలుతుంది.

ఇంకోటి. భాగ్యనగర్ గ్యాస్ వాళ్ల పైపు గ్యాస్ కనెక్షన్ కొన్ని ఏరియాల్లో వచ్చింది కదా. ఆ గ్యాస్‌కి మారేటప్పుడు బర్నర్ జెట్లు మార్చి తీరాలి. అదే ఘనపరిమాణానికి ఎల్పీజీలో వేడి ఎక్కువ, అందుకే దాని జెట్ రంధ్రం సన్నగా ఉంటుంది. ఎల్పీజీ జెట్‌తో పైపు గ్యాస్ నడిపితే మంట చాలదు. పైపు గ్యాస్ జెట్‌తో ఎల్పీజీ నడిపితే మంట అదుపు తప్పి మసి, విషవాయువు.

అమీర్‌పేట మెస్ | బుధవారం మధ్యాహ్నం 3:25

పరీక్ష చేశాను! నాచారం సార్ చెప్పినట్టే కాక్ తెరిచి ఉంచి ఆవిరి వదిలాం. దాదాపు 4 నిమిషాలు గాలి, నీళ్లు కలిసి వచ్చాయి. తర్వాత ధార మారింది, శబ్దం కూడా మారింది, తెగకుండా ఒకే స్వరంలో. అప్పుడు మూసి 25 నిమిషాలు పెట్టాం. ముల్లు అదే 5. తలుపు తీస్తే కింది ట్రేలో మెతుకు నలిగింది! మా వంటాయన ముందు నమ్మలేదు. పై ట్రే నుంచి ఒక మెతుకు, కింది ట్రే నుంచి ఒక మెతుకు తీసి రెండు వేళ్లతో నలిపి చూసి తల ఊపాడు. నెల రోజుల తర్వాత ఆయన ముఖంలో నవ్వు చూశాను.

మధ్యాహ్నం మిషన్ పూర్తిగా చల్లారాక, గ్యాస్ మెయిన్ వాల్వ్ కట్టేసి, జల్లెడ విప్పాం. బొటనవేలంత గొట్టంలో జల్లెడ. రంధ్రాలు కనపడటం లేదు. గంజి ఎండి ఎండి అట్టలా గట్టిపడింది, మధ్యలో గోధుమ రంగుకి తిరిగిన మెతుకులు, కరివేపాకు ఈనె ఒకటి. మేం ఇంతవరకు కరివేపాకు వేసింది ఏదీ ఇందులో వండలేదు. అంటే ఆ క్యాంటీన్ నాటిది. చాకుతో గీస్తే పెచ్చులుగా ఊడింది. దాని వెనక ట్రాప్ విప్పితే డబ్బీ మీద కూడా తెల్లటి పొర, నోటి దగ్గర సన్నని సందు మాత్రమే మిగిలింది. ట్రాప్ కొత్తది తీసుకుందాం అనుకుంటున్నాను.

నాచారం సర్వీస్ | బుధవారం రాత్రి 8:40

చాలా సంతోషం అన్నా. పాత ట్రాప్‌ని చేతిలో పట్టుకుని రాణిగంజ్ వెళ్లండి. పైపు సైజు, ఎంత ప్రెషర్‌కి అన్నది దాని మీదే చెక్కి ఉంటుంది, అదే చూపించి అడగండి. ఎక్కువ ప్రెషర్ ఫ్యాక్టరీ ట్రాప్ అంటగడితే తీసుకోకండి.

ఆ తెల్లటి పొర నాకు నచ్చలేదు. బాయిలర్‌కి బోరు నీళ్లు అన్నారు. ఆవిరై పోయేది నీళ్లే, సున్నం లోపలే మిగిలిపోతుంది. రోజూ నీళ్లు పోస్తూ రోజూ ఆవిరి తీస్తుంటే బాయిలర్ నిండా సున్నం పేరుకుంటుంది. ఆ పొర మంటకీ నీటికీ మధ్య దుప్పటిలా పనిచేస్తుంది, రేకు కాలుతుంది, గ్యాస్ వృథా. రోజూ పని అయ్యాక, ప్రెషర్ దాదాపు దిగాక, అడుగు వాల్వ్ తెరిచి బ్లోడౌన్ చేయండి, అంటే అడుగున చేరిన బురద నీళ్లని బయటికి వదలండి. తర్వాత డీస్కేలింగ్, అంటే పేరుకున్న సున్నం తీసే పని చేయించండి. అది యాసిడ్ పని, తెలిసినవాళ్లతోనే చేయించండి.

మెకానికల్ ఫైనలియర్ | బుధవారం రాత్రి 9:05

సార్, ఆర్వో నీళ్లు పోస్తే సున్నం సమస్యే ఉండదు కదా?

నాచారం సర్వీస్ | బుధవారం రాత్రి 9:30

ఉండదు, కానీ ఇంకో సమస్య వస్తుంది. ప్రోబ్ పనిచేసేది నీటిలో కరెంటు పారితేనే. నీళ్లు మరీ శుద్ధంగా ఉంటే కరెంటు సరిగా పారదు, నీళ్లున్నా లేవని ప్రోబ్ అనుకుంటుంది. సాఫ్ట్‌నర్ మేలు. అందులోని రెసిన్ కాల్షియం, మెగ్నీషియం పట్టుకుని వాటి బదులు సోడియం వదులుతుంది. నిండిపోయాక ఉప్పు నీళ్లతో కడిగితే మళ్లీ పనికొస్తుంది. ఒక్క మాట గుర్తుంచుకోండి, సాఫ్ట్‌నర్ పెట్టాక టీడీఎస్ మీటర్ (నీటిలో కరిగిన లవణాలన్నీ కలిపి చూపేది) పెట్టి అంకె తగ్గలేదని కంగారు పడొద్దు. అది తగ్గదు. కాఠిన్యం కిట్‌తో చూడాలి.

ఉప్పల్ క్యాటరింగ్ | గురువారం ఉదయం 8:10

వీటికి బాయిలర్ లైసెన్స్ కావాలా? ఎవర్ని అడిగినా ఒక్కో మాట చెబుతున్నారు.

పాత బాయిలర్ | గురువారం ఉదయం 10:00

మేం పనిచేసింది 1923 నాటి బాయిలర్ల చట్టం కింద. 25 లీటర్ల కంటే తక్కువ పట్టేవి, డిజైన్ ప్రెషర్, నడిపే ప్రెషర్ రెండూ చదరపు సెంటీమీటరుకి ఒక కేజీ కంటే తక్కువ ఉన్నవి ఆ చట్టం లెక్కలో బాయిలర్లు కావు. 2025లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. 5 పౌండ్లంటే 0.35 కేజీ. 15 పౌండ్లంటే 1.05 కేజీ, అంటే గీత దాటినట్టే. గదిని చూసి కాదు, బాయిలర్ మీద రివిట్ చేసిన ప్లేటులో ఏ ప్రెషర్ ఉందో చూసి, కొనకముందే బాయిలర్ల శాఖ ఆఫీసులో అడగండి.

చట్టం కిందికి రాని మిషన్ అయినా గేజ్ గ్లాస్, అంటే బాయిలర్‌లో నీటి మట్టం చూపే గాజు గొట్టం విషయంలో అశ్రద్ధ వద్దు. నా చిన్నతనంలో, కొత్తగా డ్యూటీలో చేరినప్పుడు, ఒక రాత్రి గ్లాస్‌లో నీళ్లు సగానికి నిలబడి ఉన్నాయి. గంట గడిచినా అంతే ఉన్నాయి. కదలడం లేదు. నేను బాగుందనుకున్నాను. మా పెద్దాయన వచ్చి చూసి, బాయిలర్ మరుగుతుంటే గ్లాస్‌లో నీరు వణకాలి, ఇది వణకడం లేదు అన్నారు. వెంటనే మంట ఆపించారు. కింది కాక్ బురదతో పూడిపోయి, గ్లాస్‌లో పాత నీళ్లు అలాగే నిలిచి ఉన్నాయి. లోపల మట్టం చాలా దిగిపోయింది. ఆ రోజు ఆయన రాకపోతే నేను ఈ పోస్టు రాసేవాణ్ణి కాదు. మీ మిషన్‌కి గ్లాస్ ఉంటే రోజూ కాక్‌లు తెరిచి ఊదించండి, నీరు పోయి మళ్లీ వెంటనే పైకి రావాలి.

హాస్టల్ వంటక్క | గురువారం ఉదయం 11:20

మా మిషన్‌కి గ్లాస్ ఉంది. ఇన్నేళ్లలో ఎవరూ దాన్ని ఊదించినట్టు నాకు గుర్తులేదు. ఇవాళ మధ్యాహ్నం వంట అయ్యాక చేయిస్తాను. సార్, మీకు చేతులెత్తి దండం.

అమీర్‌పేట మెస్ | ఆదివారం రాత్రి 9:50

రాణిగంజ్‌లో కొత్త ట్రాప్ దొరికింది. శుక్రవారం బిగించాం. ఇప్పుడు కాక్ తెరవక్కర్లేదు, మొదటి నిమిషాల్లో ట్రాప్ వెనక పైపు దానంతట అదే గాలి వదులుతుంది, తర్వాత మూసుకుని మధ్యమధ్య టక్కుమని తెరుచుకుంటోంది. తలుపు తీస్తే నేల మీద నీళ్లు లేవు. 6 ట్రేలూ 22 నిమిషాలకే అయిపోతున్నాయి. బాయిలర్‌కి నల్లా నీళ్ల కనెక్షన్ మార్చాం. బుధవారం డీస్కేలింగ్‌కి మనిషి వస్తానన్నాడు. రాత్రి పని అయ్యాక జల్లెడ కడగడం మా వంటాయన తన పనిగా పెట్టుకున్నాడు, నన్ను ముట్టుకోనివ్వడం లేదు.

సికింద్రాబాద్ టిఫిన్స్ | సోమవారం ఉదయం 6:30

అన్నా, నేను ఈ చర్చ ఇప్పుడే చూశాను. మాదీ ఇలాంటి మిషనే. గేజ్ 5 చూపిస్తుంది, కూరగాయలు పైన మెత్తగా, కింద పచ్చిగా. రబ్బరు మార్చమంటున్నారు. మార్చమంటారా?

అమీర్‌పేట మెస్ | సోమవారం ఉదయం 6:55

ఆగండి అన్నా, రబ్బరు తర్వాత. వంట అయ్యాక ముల్లు సున్నాకి వచ్చేదాకా ఆగి, తలుపు వెనక నిలబడి మెల్లగా తీసి, గది అడుగున నీళ్లు నిలిచాయేమో చూడండి. నిలిస్తే మిషన్ చల్లారాక అడుగు జల్లెడ విప్పి ఫోటో పెట్టండి.